క్లాసు నడిపే నేర్పు, నాలుగో పాఠం: 'వెరీ గుడ్' చాలదు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఒక పీరియడ్‌లో ఎన్నిసార్లు తిట్టామో, ఎన్నిసార్లు మెచ్చుకున్నామో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోమన్నాను. చిత్తూరు దగ్గర హైస్కూల్లో నేను మొదటిసారి ఈ లెక్క వేసుకున్న రోజు తిట్లు 14, మెప్పు 1. ఆ ఒక్కటీ ఎప్పుడూ ఫస్టొచ్చే అమ్మాయికే. మీ లెక్క ఇంతకంటే నయంగా ఉంటుందనుకుంటాను.

ఈ వారం నేర్చుకోవాల్సింది, చూసింది చూసినట్టు అప్పటికప్పుడు చెప్పడం. వినడానికి తేలికే కానీ నాకు అలవాటు కావడానికి ఒక టర్మ్ పట్టింది.

మధ్యాహ్న భోజనం అయ్యాక కొళాయి దగ్గర పళ్లేలు కడిగే వేళ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రోజూ అందరినీ తోసుకుంటూ ముందుకెళ్లే ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఒకరోజు ఆరో తరగతి పాపను ముందు పోనిచ్చాడు. పళ్లెం వీపు వెనక దాచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. నేను పక్కకెళ్లి మెల్లగా, "ఆ పాపను ముందు కడుక్కోనిచ్చినావే, చూసినాను" అన్నాను. "ఊరికే సార్" అని తల దించుకున్నాడు.

మర్నాడు మళ్లీ తోసుకున్నాడు. తర్వాతి వారం రెండు రోజులు ఆగాడు. తిరుమల క్యూలో పెద్దవాళ్లమే తోసుకుంటాం, పదమూడేళ్లవాడు కొళాయి దగ్గర ఆగడం చిన్న విషయమేమీ కాదు.

అక్కడ 'వెరీ గుడ్' అని ఉంటే దేనికన్నానో వాడికి తెలిసేది కాదు. ప్రేయర్‌లో నిలబెట్టి చప్పట్లు కొట్టించి ఉంటే స్నేహితులు సాయంత్రం దాకా ఏడిపించేవాళ్లు. ఒకటో తరగతి పిల్లలకు చప్పట్లు ఇష్టమే, మీసాలు మొలిచే వయసులో మాత్రం వద్దు. "రోజూ ఇట్లే ఉండొచ్చు కదా" అనే తోక కూడా తగిలించకండి. అది పాలల్లో ఉప్పుకల్లు.

తెలివిని పొగడడం ఇంకో పొరపాటు. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అమెరికాలో అయిదో తరగతి పిల్లలతో ఒక పరిశోధన చేశారు. 'తెలివైనవాళ్లు' అనిపించుకున్న పిల్లలు కష్టమైన ప్రశ్నలు ఎదురయ్యాక డీలా పడ్డారు. 'బాగా కష్టపడ్డారు' అనిపించుకున్నవాళ్లు పట్టు వదల్లేదు. కాబట్టి "నువ్వు చురుకైనోడివిరా" కన్నా "మూడుసార్లు కొట్టేసి మళ్లీ చేసినావు" అనడం మేలు.

స్టార్ల చార్టు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో నేను దెబ్బతిన్నాను. మా బడి తోటకు పిల్లలు వాళ్లంతట వాళ్లే నీళ్లు పోసేవాళ్లు. ఉత్సాహం కొద్దీ బకెట్‌కు ఒక స్టార్ పెట్టాను. నెల తర్వాత చార్టు నిండిపోయింది, తీసేశాను. ఆ రోజు నుంచి బకెట్ ఎత్తేముందు "సార్, స్టార్ ఉందా?" అనే ప్రశ్న. బొమ్మలేస్తే బహుమతిస్తామని ముందే చెబితే, ఆ తర్వాత పిల్లలకు బొమ్మల మీద ఆసక్తి తగ్గిందని 1973లోనే మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెపర్ బృందం చూపింది. అనుకోకుండా బహుమతి అందుకున్న పిల్లల్లో ఆసక్తి తగ్గలేదు. ఇష్టంగా చేస్తున్న పనికి ధర కట్టకండి.

"బెత్తం లేదు, గోడకుర్చీ లేదు, ఇక వీళ్లు మాట వింటారా?" అని స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కాబట్టి ఆ చర్చ అక్కడికి వదిలేద్దాం. తప్పు చేసినవాడితో ఏం మాట్లాడాలో అయిదో పాఠంలో చూద్దాం.

ఈ వారం పని: చివరి బెంచీ నుంచి ఒకరిని ఎంచుకోండి. రోజుకొకసారి, వాళ్లు చేసిన పనిని వాళ్లకే వినపడేటట్టు ఒక వాక్యంలో చెప్పండి. 'గుడ్', 'శభాష్' వాడకూడదు. సాయంత్రం ఆ వాక్యాన్ని డైరీలో రాసుకోండి. ఏ రోజైనా రాయడానికి ఏమీ దొరక్కపోతే, మర్నాడు భోజనాల వేళ కొళాయి దగ్గర నిలబడి చూడండి.