పట్టా భూమి చెరువు ఎఫ్‌టీఎల్‌లో పడిందంటే ఏం చేయాలి

పాస్‌బుక్‌లో రెండెకరాలు మీ పేరు మీదే ఉంది. ఇప్పుడు ఇరిగేషన్ వాళ్లు వచ్చి అందులో ఎకరం పావు చెరువు ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు నిండినప్పటి నీటి హద్దు) లోపల ఉందని హద్దురాళ్లు పాతిపోయారు. దేవరకొండ, డిండి, కల్వకుర్తి వైపు ప్రైవేటు సర్వేయర్‌గా తిరిగే నా దగ్గరికి ఎక్కువగా ఈ టెన్షన్‌తోనే వస్తారు. లాయర్ సంగతి తర్వాత, ముందు మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే కట్టడం, అలుగు) దగ్గరికి పోదాం పదండి అంటాను.

చెరువు నిండి మత్తడి దూకబోయే ముందు నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్. పోయిన ఎండాకాలం నీళ్లు ఎక్కడున్నాయన్నది లెక్కలోకి రాదు. "పదేళ్లయింది సార్, అది నిండనే లేదు" అంటే కూడా చెల్లదు. పాలమూరు, నల్లగొండ చెరువులు ఏళ్ల తరబడి ఎండి, ఒక్క ముసురుకు నిండిపోవడం మనమే చూశాం.

మత్తడి మీద ఇసుక బస్తాలు, అడ్డం పెట్టిన రాళ్లు ఉంటే ముందు ఫోటో తీయండి. వాటి మీద కొలవనివ్వద్దు. మత్తడి కట్టడం పై అంచు మీద స్టాఫ్ (కొలత గీతలున్న కర్ర) నిలబెట్టి, ఆటో లెవెల్ అనే ఎత్తు చూసే పరికరంతో రీడింగ్ తీసుకోవాలి. అదే ఎత్తు మీ పొలంలో ఎక్కడెక్కడ తగులుతుందో పట్టుకుంటూ సున్నం చుక్కలు పెట్టుకుంటూ పోతే అసలు గీత బయటపడుతుంది.

అక్కడే ఉండి మత్తడిని కాస్త పరిశీలనగా చూడండి. పాత రాతికట్టు మీద కొత్త సిమెంటు పొర ఉందా? ఆ అతుకు దగ్గర్నుంచి పైకి ఎంతుందో టేపుతో కొలవండి. నూరు మీటర్లకు అర మీటరు వాలున్న నేలలో మత్తడిని 20 సెంటీమీటర్లు లేపితే నీటి అంచు 40 మీటర్లు మీ వైపు జరుగుతుంది. రిపేరు పేరుతో మత్తడి ఎత్తు పెంచి మీ పట్టాను ముంచారంటే మీ కేసులో అన్నిటికన్నా బలమైన మాట అదే. 1978 సవరణ తర్వాత ఆస్తి ప్రాథమిక హక్కు కాకపోయినా, చట్టం అనుమతి లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని రాజ్యాంగంలోని 300ఏ అధికరణ చెబుతోంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట ఆఫీసు గుమ్మం దాటదు.

కాగితాల్లో సేత్వార్ (పాత సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954-55 కాస్రా పహాణీ (భూమి ఎవరిది, సాగు ఎవరిది అన్న రికార్డు), గ్రామ నక్షా (ఊరి మ్యాపు), మీ సర్వే నంబరు టిప్పన్ (కొలతల స్కెచ్) ముఖ్యం. శిఖం అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి. పహాణీలో శిఖం పట్టా అని ఉందా, శిఖం సర్కారీ అని ఉందా చూసుకోండి. సర్కారీ అయితే వాదనకు పెద్దగా చోటు లేదు. ఎఫ్‌టీఎల్ మ్యాపు, మత్తడి రికార్డు ఎత్తు ఇరిగేషన్ శాఖ నుంచి ఆర్టీఐలో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎఫ్‌టీఎల్‌పై ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చి ఉంటే అభ్యంతరాల గడువు దాటనివ్వకండి. ఒక మూల ముంపులో ఉందని సర్వే నంబరు మొత్తాన్ని రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో పెట్టడం అన్యాయం. మునగని భాగాన్ని విడదీయమని కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టండి.

కొలిచాక గీత సరైనదే అని తేలితే? శిఖం పట్టా ఉన్నంత మాత్రాన అందులో మట్టి పోసే హక్కు రాదు. నీళ్లు దిగాక పంట వేసుకోవచ్చు. గోడ కట్టడం, మెరక చేయడం, ప్లాట్లు కొట్టడం మాత్రం కుదరవు. ఇది కఠినమైన మాటే, కానీ నేను దీని పక్షానే ఉంటాను. మన చెరువులు గొలుసుకట్టు. ఒకదాని మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. పైన శిఖం పూడిస్తే కింది ఊళ్లో యాసంగి పోతుంది, బోర్లు ఎండుతాయి. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన మనుషుల్ని చూసిన జిల్లా మనది. ఇక్కడ ఒక్క కుంట పోయినా అది ఒకరి సొంత వ్యవహారం కాదు.

బఫర్‌లో, అంటే ఎఫ్‌టీఎల్ గీత బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీలో ఉన్న భూమి మీ సొంతమే, సాగుకు అడ్డు లేదు, ఇల్లు కట్టడానికే అడ్డు. 2012 భవన నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. ప్లాటు కొనేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే ఇది కొలిపించుకోవాలి. బోరు వేసేవాళ్లు కూడా 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చూసుకోండి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా వేయకూడదు.

నోటీసు వస్తే భయపడి ఊరుకోవద్దు, కోపంతో రాళ్లు పీకనూ వద్దు. లెవెల్ స్కెచ్ జతచేసి జవాబిచ్చి, స్టాంపు వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. రెవెన్యూ, ఇరిగేషన్ కలిసి జాయింట్ సర్వే చేయాలని అడగండి. కూల్చడానికే వస్తున్నారనిపిస్తే హైకోర్టులో రిట్ వేయండి. సర్వే రోజున చుట్టుపక్కల రైతుల్ని, ఊరి నీరటిని (చెరువు నీళ్లు వదిలే మనిషిని) రమ్మనండి. మత్తడి ఎప్పుడు లేపారో ఆయనకే తెలుస్తుంది. పంచనామా పూర్తిగా చదివించుకుని, అభ్యంతరం ఉంటే మీ సంతకానికి పై భాగంలోనే రాయండి. రాయనివ్వకపోతే సంతకం పెట్టకండి, ఆ అభ్యంతరాన్ని అదే రోజు తహసీల్దార్‌కు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.