ఇంగ్లీషులో ఎ, యాన్, ది: ఎక్కడ తప్పుతున్నాయి, ఎలా సరిదిద్దాలి

సమస్య: ‘షీ ఈజ్ డాక్టర్’, ‘ఐ బాట్ కార్’ అని రాసేస్తుంటారు.
కారణం: ‘ఆమె డాక్టర్’, ‘కారు కొన్నాను’ అంటే తెలుగులో ఏ లోటూ లేదు. ఇంగ్లీషులో మాత్రం లెక్కపెట్టగలిగే నామవాచకం ఏకవచనంలో ఉంటే, దాని ముందు ఎ, ది, మై, దిస్... ఏదో ఒకటి ఉండాల్సిందే. ఈ నియమానికి మినహాయింపులు చాలా కొద్ది.
పరిష్కారం: రాసింది మళ్లీ చదివేటప్పుడు ఏకవచన నామవాచకాల ముందు మాత్రమే చూడండి. ఖాళీగా కనిపిస్తే అక్కడ ఆగి సరిచేయండి.

సమస్య: ఆ జాగ్రత్త ఎక్కువై ‘యాన్ ఇన్ఫర్మేషన్’, ‘ఎ ఫర్నిచర్’ అనడం.
కారణం: మనం రెండు సలహాలు ఇవ్వగలం గానీ ఇంగ్లీషులో అడ్వైస్ లెక్కకు రాదు. లగేజ్, ఎక్విప్‌మెంట్ కూడా అంతే.
పరిష్కారం: ‘సమ్ ఇన్ఫర్మేషన్’, ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనండి. అనుమానం వస్తే డిక్షనరీ చూడండి.

సమస్య: ‘యాన్ యూనివర్సిటీ’, ‘ఎ అవర్’.
కారణం: ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాలుంటే యాన్ అని బడిలో బట్టీపట్టాం. చూడాల్సింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని.
పరిష్కారం: ఆ మాటను తెలుగు లిపిలో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. యూనివర్సిటీలో ‘య’ ఉంది కాబట్టి ఎ. అవర్, ఆనెస్ట్, ఎంబీఏ ముందు యాన్. ‘వన్ వే’ ముందు ఎ. అయితే ఈ చిట్కా రెండుచోట్ల బోల్తా కొడుతుంది. యాపిల్, యాక్సిడెంట్ అని మనం ‘యా’తో రాసినా, ఇంగ్లీషులో అది అచ్చు శబ్దమే, కాబట్టి యాన్. హెచ్‌ఆర్ మేనేజర్ కూడా అంతే. మనం హెచ్ అంటున్న ఆ అక్షరం పేరు ఎయిచ్ అనే డిక్షనరీలు చెబుతాయి. అందుకని అక్కడా యాన్ రాయండి.

సమస్య: ‘ది లైఫ్ ఈజ్ షార్ట్’ అంటూ ప్రతిదానికీ ది తగిలించడం.
కారణం: ది ఉంటే ఇంగ్లీషు నిండుగా ఉంటుందనే భ్రమ.
పరిష్కారం: ఏదని అడగకుండానే ఎదుటివారికి తెలుస్తుందా? అయితే ది పెట్టండి. ‘ఐ సా ఎ డాగ్’ అన్నాక, ‘ది డాగ్ బార్క్‌డ్’. సన్, మూన్ లాంటివి అందరికీ ఒక్కటే కాబట్టి వాటికీ ది. మొత్తంగా జీవితం గురించి మాట్లాడుతుంటే అక్కర్లేదు. పేర్ల దగ్గర మాత్రం ఈ ప్రశ్న పనిచేయదు: మౌంట్ ఎవరెస్ట్‌కు ది లేదు, హిమాలయాస్‌కు ఉంది, ఫ్రాన్స్‌కు లేదు, నెదర్లాండ్స్‌కు ఉంది. వీటిని చాలావరకు గుర్తుపెట్టుకోవాల్సిందే.

చిన్న హెచ్చరిక: ‘ఎ ఫ్యూ ఫ్రెండ్స్’ అంటే కొందరు స్నేహితులున్నట్టు. ఎ తీసేస్తే పెద్దగా ఎవరూ లేనట్టు.

రోగి ఆస్పత్రిలో ఉంటే బ్రిటిష్ వాళ్లు ‘ఇన్ హాస్పిటల్’ అంటారు, అమెరికన్లు ‘ఇన్ ది హాస్పిటల్’ అంటారు. దీన్ని ఎవరైనా ఎర్రసిరాతో కొట్టేస్తే, ఏ ఇంగ్లీషు ప్రకారం దిద్దారో అడగండి.