మియాటా కొంటున్నారా? ముందు నేల మీద పడుకోండి

మియాటా అంటే గుడ్డ టాపు మడిచేసుకునే చిన్న రెండు సీట్ల కారు. కొలంబస్‌లో నేను కొన్న మొదటి మాజ్డా మియాటా 1992 మోడల్. ఎర్రగా నిగనిగలాడుతూ ఉండేది. ఇంజను చూశాను, హెడ్‌లైట్లు పైకి లేచి మళ్లీ పడుకోవడం చూసి మురిసిపోయాను, చెక్కు రాసిచ్చేశాను. మొదటి వానకే సీటు వెనక కార్పెట్ తడిసిపోయింది. తర్వాత మెకానిక్ కారుని లిఫ్ట్ ఎక్కించి తలుపు కింద నొక్కితే వేలు లోపలికి దిగబడింది. అమ్మినాయన తుప్పు మీద పుట్టీ పెట్టి రంగు కొట్టించాడు. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా, పాత మియాటా చూడటం బానెట్ దగ్గర మొదలుపెట్టొద్దంటాను.

నేను చెప్పేది మొదటి తరం కార్ల గురించి, అంటే అమెరికాలో 1990 నుంచి 1997 దాకా వచ్చిన మోడళ్లు. ఇంజను మొండిది, బాగుచేసుకోవచ్చు. బాడీ అలా కాదు.

ఒక పాత దుప్పటి, టార్చ్, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం, సీసాతో నీళ్లు పట్టుకెళ్లండి. దుప్పటి పరిచి పడుకుని వెనక చక్రానికి సరిగ్గా ముందు, తలుపు కింద ఉండే పట్టీని చూడండి. దాన్ని రాకర్ అంటారు. టాపు మీద పడ్డ వాననీరు సీటు బెల్టుల వెనక రెండు పక్కలా ఉన్న గొట్టాల్లోంచి దిగి, అక్కడే కిందికి పోవాలి. ఆకులు, దుమ్ము అడ్డం పడితే నీళ్లు లోపలే నిలిచి, రేకుని లోపల్నుంచి తినేస్తాయి. మా ఒహాయోలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు బయటినుంచి తింటుంది. అమ్మేవాళ్లని అడిగి ఆ గొట్టంలో కాసిని నీళ్లు పోయండి. రెండు పక్కలా కింద ధారగా కారాలి. కారకపోతే కార్పెట్ ఎత్తి చూడండి.

అయస్కాంతానికి గుడ్డ చుట్టి రాకర్ మీద ఆనించండి. పట్టుకోకపోతే అక్కడ ఉన్నది పుట్టీ. బానెట్ మీద మాత్రం పట్టుకోకపోయినా కంగారుపడకండి, అది అల్యూమినియంది. (నేను రెండో కారు చూసేటప్పుడు ఆ ముక్క తెలీక అమ్మే ఆవిడతో వాదన పెట్టుకున్నాను.) బానెట్, ఫెండర్లు, తలుపులు, డిక్కీ మూత, వీటన్నిటికీ కంపెనీ అంటించిన వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) స్టిక్కర్లు ఉంటాయి. ఒకదానికి లేదంటే ఆ రేకు మార్చారనో, టింకరింగ్ చేసి రంగు వేశారనో అనుమానించాలి. టైటిల్ కాగితం, అంటే కారు ఎవరిదో చెప్పే పత్రం మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న కారు) అని ఉందేమో కూడా అప్పుడే చూసేయండి.

డిక్కీలో బ్యాటరీ ఉంటుంది. కంపెనీ పెట్టింది సీల్ చేసిన రకం, దాని గ్యాస్ గొట్టంలోంచి బయటికి పోతుంది. చవగ్గా వస్తుందని మామూలు బ్యాటరీ పెట్టేవాళ్లున్నారు, దాని యాసిడ్ రేకుని తింటుంది. దాని కింద రేకు తుప్పుపట్టిందా చూడండి.

ఇక ఇంజను. వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే టకటకమని శబ్దం రావచ్చు. అది వాల్వుల్ని కదిపే లిఫ్టర్లది, ఆయిల్ అందాక చాలా వాటిలో తగ్గిపోతుంది. మా నాన్న బస్సు డిపోలో పనిచేసేటప్పుడు పొడుగాటి స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి శబ్దం ఎక్కడిదో పట్టేవారు. నేనూ అదే చేస్తాను, పక్కవాళ్లు నవ్వినా.

1990 మోడళ్లకీ, 1991 తొలి కార్లకీ మాత్రం ఒక జబ్బుంది. క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్లో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు చివర పొట్టిగా ఉంటుంది, అక్కడి పుల్లీ, అంటే బెల్టు తిప్పే చక్రం, వదులై షాఫ్ట్ పాడవుతుంది. పుల్లీకి నాలుగు గాడులుంటే పొట్టిది, ఎనిమిదుంటే తర్వాత వచ్చిన మంచిది. ఇంజను తిరుగుతుంటే పుల్లీ అటూ ఇటూ ఊగుతోందంటే బేరం అక్కర్లేదు, వచ్చేయండి.

వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే టైమింగ్ బెల్ట్ 60,000 మైళ్లకొకసారి మార్చాలి. ఈ ఇంజన్లో బెల్ట్ తెగినా వాల్వులు వంగవు, కారు ఆగిపోతుందంతే. కానీ రసీదు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీయించండి. రేడియేటర్ పై ట్యాంకు నల్లగా ఉండాలి. గోధుమరంగుకి తిరిగితే ప్లాస్టిక్ పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే.

నడిపేటప్పుడు ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చండి. చల్లగా ఉన్నప్పుడు కొంచెం మొరాయిస్తే సరే, వేడెక్కాక కూడా గరగరమంటే గేర్‌బాక్స్ పనుంది. క్లచ్ పెడల్ మెత్తగా నేలదాకా పోతే భయపడొద్దు. ఎక్కువసార్లు కింద ఉండి క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్ కారుతుంటుంది, అది చవకైన పార్టే.

చివర్లో టాపు కిందికి దించమనండి, మీరు ముట్టుకోకుండా అమ్మే ఆయన్నే దించనివ్వండి. వెనక కిటికీ ప్లాస్టిక్‌ది. జిప్ తీసి, దాన్ని పడుకోబెట్టి, ఆ తర్వాతే మడవాలి. జిప్ జోలికి పోకుండా లాగి మడిచేశాడంటే, నేనైతే మళ్లీ దుప్పటి పరిచి కిందికి దూరతాను.