చూసింది చూసినట్టు గీద్దాం – 3వ పాఠం: గ్లాసు మూతి

పోయిన పాఠంలో స్టీలు గ్లాసును బల్ల మీద పెట్టి, కొలతలేవీ లేకుండా కంటికి కనిపించినట్టు గీయమన్నాను. ఆ బొమ్మ ముందేసుకోండి. దిద్దకండి, దానితో పనుంది.

మూతి చూడండి. ఉండాల్సిన దానికంటే గుండ్రంగా వచ్చి ఉంటుంది. ఇప్పుడు అడుగు చూడండి. అక్కడ తిన్నగా గీత గీసేసి ఉంటారు. నేను గీసిన మొదటి గ్లాసూ ఇంతే. మా అమ్మ చూసి, "ఇందులో కాఫీ పోస్తే నా ఒళ్లో పడేట్టుందిరా" అంది. నా బొమ్మల మీద అంత సూటి విమర్శ మళ్లీ రాలేదు. మూతిని పైనుంచి చూసినట్టు, అడుగును పక్కనుంచి చూసినట్టు గీస్తే గ్లాసు మన మీదికి ఒరిగినట్టే ఉంటుంది మరి.

తప్పు చేతిది కాదు. మూతి గుండ్రమని, బల్ల చదునని మెదడుకు ఎప్పుడో తెలుసు. కంట్లో పడేది సన్నగా సాగిన గుండ్రమే అయినా, తనకు తెలిసింది కూడా కలిపి మనకు చూపిస్తుంది. 1931లో రాబర్ట్ థౌలెస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద పరీక్షలు చేశాడు. గుండ్రటి బిళ్లను ఏటవాలుగా కనిపించేలా పెట్టి, అది ఏ ఆకారంలో కనిపిస్తోందని అడిగాడు. జనం చూపిన ఆకారం కంట్లో పడేదానికీ, అసలు గుండ్రానికీ మధ్యలో ఉంది.

నమ్మకం కుదరకపోతే అద్దం ముందు నిలబడండి. ఒక కన్ను మూసి, కదలకుండా, మీ ముఖం అంచును అద్దం మీదే సబ్బు ముక్కతో గీయండి. పక్కకు జరిగి చూస్తే, ఆ గీత మీ ముఖంలో సరిగ్గా సగం ఉంటుంది. వెనక్కి జరిగి గీసినా సగమే. రోజూ దువ్వుకుంటూ చూసే ముఖమే కదా! అయినా సగమని ఎప్పుడూ అనిపించదు.

అయితే సాధన చేస్తే కళ్లు మారిపోతాయా? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 2011లో పారిస్‌లో ఇద్దరు పరిశోధకులు కొంతమంది చిత్రకారులనూ, బొమ్మలు వేయనివాళ్లనూ పోల్చి చూశారు. పరిమాణం, వెలుతురు అంచనా వేయడంలో వీళ్లూ వాళ్లూ దాదాపు ఒకేలా పొరబడ్డారు. అందుకే "బాగా చూడండి" అని నేను చెప్పను. కొలవండి అంటాను.

కొలిచే పద్ధతి ఇది. చెయ్యి పూర్తిగా చాచండి, మోచెయ్యి వంగకూడదు. ఒక కన్ను మూయండి. పెన్సిల్‌ను నిలువుగా పట్టుకుని, మొనను మూతి వెనక అంచుకు ఆనించినట్టు పెట్టి, ముందు అంచు ఎక్కడొస్తుందో అక్కడ బొటనవేలి గోరు ఉంచండి. ఇప్పుడు పెన్సిల్‌ను అడ్డంగా తిప్పి, ఆ కొలత మూతి వెడల్పులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మూతి వెనక్కి వాలి ఉందని తెలుసు కాబట్టి, నిలువు కొలత తీసేటప్పుడు పెన్సిల్ కూడా మనకు తెలియకుండానే అటు వాలిపోతుంది. అంటే కొలతలోకి కూడా మెదడు దూరుతుందన్నమాట! మీకూ గ్లాసుకూ మధ్య కిటికీ అద్దం ఉందనుకోండి. పెన్సిల్ ఆ అద్దానికి అతుక్కునే ఉండాలి.

సరిచూసుకోవడానికి ఒక లెక్క. కన్ను మూతి కంటే 20 సెంటీమీటర్లు ఎత్తులో, గ్లాసుకు అడ్డంగా 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, మూతి ఎత్తు దాని వెడల్పులో సుమారు మూడో వంతు. గ్లాసు పొడవు 10 సెంటీమీటర్లయితే, అడుగు గుండ్రం ఎత్తు దాని వెడల్పులో సగానికి కాస్త తక్కువ. అంటే మూతి కంటే అడుగే ఎక్కువ గుండ్రంగా రావాలి. మీ పాత బొమ్మలో అంతా తలకిందులుగా ఉంటుంది, చూసుకోండి.

ఈ వారం అదే గ్లాసును మూడు చోట్ల పెట్టి గీయండి: కాళ్ల దగ్గర నేల మీద, బల్ల మీద, కంటికి సరిగ్గా ఎదురుగా అలమరలో. మూడోచోట మూతి ఒట్టి గీత అయిపోవాలి. మనసొప్పక కాస్త గుండ్రం తిప్పాలనిపిస్తుంది, తిప్పకండి.

వచ్చే పాఠానికి ఒక తెల్ల కోడిగుడ్డు, కిటికీ పక్కన కాస్త చోటు సిద్ధం చేసుకోండి. ఉడకబెట్టిందైతే మేలు, దొర్లినా బల్ల పాడవదు.