సహకార కిరాణా దుకాణం పాలకవర్గానికి పోటీ: దరఖాస్తు ఎలా పెట్టాలి?

సభ్యులే యజమానులుగా నడిచే కిరాణా దుకాణంలో ఎన్నికల నోటీసు పడింది, మీకూ పోటీ చేయాలని ఉంది. అయితే ఫారం కంటే ముందు బైలాల (సంఘం రాసుకున్న నియమాల) కాపీ తెచ్చుకోండి. ఫారం రెండు మూడు పేజీలే, అరగంటలో నిండిపోతుంది. అది చెల్లుతుందో లేదో తేల్చేది మాత్రం బైలాలే. మొత్తం చదవక్కర్లేదు. సభ్యత్వం, పాలకవర్గం, ఎన్నికలు అనే భాగాలు చదివితే చాలు.

ఎవరు పోటీ చేయవచ్చు

వాటా సొమ్ము కట్టి, బకాయిలు లేని సభ్యులు పోటీ చేయవచ్చన్నది మామూలు నియమం. వాటాను వాయిదాల్లో కడుతున్నవాళ్ళ సంగతి ఒక్కో సంఘంలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల వాయిదా తప్పకుండా ఉంటే చాలు, కొన్నిచోట్ల మొత్తం కట్టేసి ఉండాలి. కనీస వయసు, ఎన్నాళ్ళుగా సభ్యులై ఉండాలి అన్నవి కూడా చూసుకోండి. దుకాణంలో జీతానికి పనిచేసేవాళ్ళను కొన్ని సంఘాలు పోటీకి రానివ్వవు. కొన్ని మాత్రం వాళ్ళకోసమే ఒకటి రెండు సీట్లు ఉంచుతాయి.

చాలామంది పొరబడేది ఇంటి సభ్యత్వం దగ్గర. ఇంటిల్లిపాదీ ఒకే కార్డు మీద సరుకులు తెచ్చుకుంటారు కాబట్టి అందరం సభ్యులమే అనుకుంటారు. రిజిస్టర్లో ఒక్కరి పేరే ఉంటే ఓటు, పోటీ హక్కు సాధారణంగా ఆ ఒక్కరివే. ఒకసారి నామినేషన్ల పరిశీలనకు నేనూ కూర్చున్నాను. ఒకావిడ ఫారం ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది. సంతకాలన్నీ ఉన్నాయి. రిజిస్టర్ తీసి చూస్తే ఆ నంబర్ ఎదురుగా వాళ్ళాయన పేరు. ఏళ్ళ తరబడి దుకాణానికి వచ్చి సంచులు మోసుకెళ్ళింది ఆవిడ. ఆయన్ని మాలో ఎవరమూ చూడను కూడా లేదు. ఫారం పక్కన పెట్టక తప్పలేదు. నోటీసు రాకముందే పేరు మార్పుకు అర్జీ పెట్టి ఉంటే ఒక పూటలో అయిపోయే పని.

ఎన్ని సీట్లు ఖాళీ అన్నది నోటీసులోనే ఉంటుంది. కొన్ని సంఘాల్లో పదవీకాలం 3 ఏళ్ళు, ఏటా మూడో వంతు సీట్లకే ఎన్నిక. 9 మంది పాలకవర్గమైతే ఈసారి 3 సీట్లన్నమాట. పాతవాళ్ళందరూ ఒకేసారి దిగిపోకుండా ఈ ఏర్పాటు.

నామినేషన్ పత్రం

మీ పేరు, మిమ్మల్ని ప్రతిపాదించేవారి పేరు, బలపరిచేవారి పేరు రిజిస్టర్లో ఎలా ఉన్నాయో అలాగే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తి పేరా పొడి అక్షరాలా, అన్నీ చూసుకోవాలి. సంతకం పెట్టేవాళ్ళకు బకాయిలు లేవని వాళ్ళనే అడిగి తెలుసుకోండి, మొహమాటపడొద్దు. వాళ్ళు ఇంకెవరికైనా సంతకం పెట్టారేమో కూడా అడగండి. ఒకరు ఇంతమందినే ప్రతిపాదించాలని బైలాల్లో ఉండొచ్చు. కొన్ని సంఘాల్లో నామినేషన్ల కమిటీ అభ్యర్థులతో మాట్లాడి కొందరిని సిఫారసు చేస్తుంది. కమిటీ కాదన్నా నిర్ణీత సంఖ్యలో సభ్యుల సంతకాలు తెచ్చి పోటీ చేసే దారి ఉందేమో చూడండి.

చివరి రోజు సాయంత్రం దాకా ఆగకండి. ఫారం ఇచ్చి, తేదీ, సమయం వేసిన రసీదు తీసుకోండి.

ఆసక్తుల ప్రకటన

దుకాణంతో మీ సొంత లాభనష్టాలు ముడిపడి ఉంటే చెప్పమని ఫారంతో పాటు ఇచ్చే ఈ కాగితంలో చాలామంది ‘లేవు’ అని రాసి సంతకం పెట్టేస్తారు. అది తప్పు. దుకాణానికి సరుకు వేసే వ్యాపారంలో మీకు వాటా ఉందా? దుకాణం ఉన్న భవనం మీ బంధువులదా? మీ ఇంట్లోవాళ్ళు అక్కడ ఉద్యోగం చేస్తున్నారా? పోటీ దుకాణంతో లావాదేవీలున్నాయా? ఉంటే రాయండి. రాసినంత మాత్రాన అనర్హులైపోరు. మామూలుగా ఆ విషయం చర్చకు వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్తారు, ఓటు వేయరు, అంతే. దాచిపెట్టి తర్వాత బయటపడితే మాత్రం పదవి పోయే దాకా రావచ్చు.

సభ్యులకు మీ పరిచయం

బ్యాలెట్‌తో పాటు సభ్యులకు పంపడానికి ఒక చిన్న పరిచయం అడుగుతారు. పదాల పరిమితి దాటితే చివర కత్తిరిస్తారు, కాబట్టి ముఖ్యమైన మాట ముందే రాయండి. “సంఘానికి సేవ చేయాలన్నది నా చిరకాల కోరిక” అంటే చదివేవాళ్ళకు ఏమీ తెలియదు. “రెండేళ్ళుగా సర్వసభ్య సమావేశాలకు వస్తున్నాను. ఆస్తి అప్పుల పట్టీ చదవగలను. నెలకు రెండు సాయంత్రాలు కేటాయించగలను. పాడై పారేసే సరుకు విలువ ఎంతో మూడు నెలలకోసారి సభ్యులకు చెప్పాలని అడుగుతాను” అంటే ఎందుకు ఓటేయాలో తెలుస్తుంది.

ధరలు తగ్గిస్తానని, ఫలానా సరుకు తెప్పిస్తానని రాయకండి. అది మేనేజర్ పని. కిరాణాలో లాభం శాతం చాలా పలచన. మేనేజర్‌ను నియమించడం, బడ్జెట్ ఆమోదించడం, లెక్కలు గమనించడం పాలకవర్గం వంతు. షెల్ఫ్‌లో నచ్చిన సరుకు దొరకడం లేదన్న కోపంతో పోటీకి దిగేవాళ్ళు నాలుగు సమావేశాలకే విసిగిపోవడం చూశాను. ఆ కోపానికి సలహాల పెట్టె చాలు.

పరిశీలన, ప్రచారం, ఓటింగ్

పరిశీలన రోజు వీలైతే మీరే వెళ్ళండి. చిన్న పొరపాట్లను అక్కడికక్కడే సరిదిద్దనిచ్చే అధికారులు ఉంటారు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, అప్పీలుకు అది కావాలి. ఉపసంహరణ గడువు దాటాక మనసు మారినా పేరు బ్యాలెట్ మీద ఉండిపోతుంది.

సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా మీ చేతికి వచ్చినా సంఘం అనుమతి లేకుండా ప్రచారానికి వాడకండి. దుకాణం లోపల కరపత్రాలు పంచవచ్చో లేదో కూడా అడిగి తెలుసుకోండి.

ఎన్ని వాటాలున్నా సభ్యునికి ఒకటే ఓటు. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి పెట్టిన దుకాణం నుంచి వస్తున్న పద్ధతి ఇది. అంతర్జాతీయ సహకార కూటమి 1995లో ఆమోదించిన ఏడు సూత్రాల్లోనూ ఉంది. అంటే పెద్ద వాటాదారు ఒక్కరి మద్దతు కంటే కౌంటర్ దగ్గర వరుసలో కలిసే పదిమంది మేలు.

గెలిస్తే మొదటి సమావేశానికి ముందే ప్రవర్తనా నియమావళి మీద, గోప్యత పత్రం మీద సంతకం చేయిస్తారు. ఓడితే కార్యదర్శికి ఒక ఉత్తరం రాసి ఉంచండి. మధ్యలో ఎవరైనా రాజీనామా చేస్తే వచ్చే ఎన్నిక దాకా ఆ సీటును పాలకవర్గమే నింపుకునే వీలు కొన్ని బైలాల్లో ఉంటుంది. అప్పుడు సిద్ధంగా ఉన్నవాళ్ళ పేర్ల కోసం వెతుకుతారు.