గాంబియాలో క్రూయిజ్ ఓడ ఆగే ఒక్క రోజును ఎలా ప్లాన్ చేసుకోవాలి?

పశ్చిమ ఆఫ్రికా తీరం వెంట సాగే క్రూయిజ్ ఓడల్లో కొన్ని కానరీ దీవులు, కేప్ వెర్డే, డకార్ రేవులతో పాటు బాంజుల్‌లో కూడా ఒక రోజు ఆగుతాయి. బాంజుల్ గాంబియా రాజధాని. ఆఫ్రికా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా చిన్న దేశం గాంబియా. పడమర అట్లాంటిక్ సముద్రం ఉంటే, మిగిలిన మూడు వైపులా సెనెగల్ ఉంటుంది. పటంలో చూస్తే ఒక నదీ, దాని రెండు ఒడ్డుల వెంట సన్నని నేల పట్టీ, అంతే కనిపిస్తుంది. ఇంత చిన్న దేశాన్ని ఒక్క పూటలో చుట్టేయవచ్చని చాలామంది అనుకుంటారు. అయితే రేవు ఉన్న చోటు, నది వెడల్పు, రోడ్ల తీరు తెలిశాక ఆ లెక్క మారిపోతుంది. ఇక్కడ రోజును మొదటి గంట నుంచి ముందుకు కాకుండా, తిరిగి ఓడ ఎక్కాల్సిన గంట నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

1. ముందుగా రేవు ఎక్కడుందో అర్థం చేసుకోండి

బాంజుల్ నగరం గాంబియా నది సముద్రంలో కలిసే చోట, ఒక చిన్న ద్వీపం మీద ఉంది. 1816లో బ్రిటిష్ వారు బాథర్స్ట్ అనే పేరుతో దీనిని స్థాపించారు. దేశానికి 1965లో స్వాతంత్ర్యం వచ్చింది, నగరానికి 1973లో బాంజుల్ అనే పేరు వచ్చింది. ఓడ దిగితే నగరం నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఉంటుంది. కానీ యాత్రికులు చూడాలనుకునే చోట్లలో ఎక్కువ భాగం ద్వీపానికి అవతల, బకావు, సెరెకుండా, కోలోలి వైపు ఉన్నాయి. అక్కడికి రోడ్డు మీద వెళ్లాలంటే ఆయిస్టర్ క్రీక్ అనే పాయపై కట్టిన డెంటన్ వంతెన ఒక్కటే దారి. పొద్దున అందరూ దాని మీదుగానే వెళ్లాలి, సాయంత్రం మళ్లీ దాని మీదుగానే రావాలి. వంతెన దగ్గర వాహనాలు ఆగిపోతే చుట్టు దారి లేదు. మిగతా లెక్కలన్నీ ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటాయి.

2. చేతిలో ఉన్న గంటలను నిజాయితీగా లెక్కపెట్టండి

ఓడ ఉదయం 8 గంటలకు రేవు చేరి సాయంత్రం 6 గంటలకు బయలుదేరుతుందని ఉంటే, చేతిలో 10 గంటలు ఉన్నట్టు కనిపిస్తుంది. స్థానిక అధికారుల అనుమతులు పూర్తయి ప్రయాణికులు కిందికి దిగేసరికి 9 కావచ్చు. చివరిగా ఓడ ఎక్కాల్సిన సమయం సాధారణంగా బయలుదేరే సమయానికి అరగంట నుంచి గంట ముందే ఉంటుంది. 5 గంటలు అనుకుందాం. వంతెన దగ్గర రద్దీ, టైరు పంక్చరు వంటివాటికి ఒక గంటన్నర పక్కన పెడితే, మధ్యాహ్నం 3.30కల్లా వంతెన దాటి నగరంలోకి వచ్చేయాలి. మిగిలింది ఆరున్నర గంటలు. ప్లాన్ అంతా ఈ ఆరున్నర గంటల్లోనే ఇమడాలి.

గడియారం విషయంలో జాగ్రత్త అవసరం. గాంబియాలో ఏడాది పొడవునా గ్రీనిచ్ సమయమే నడుస్తుంది. కేప్ వెర్డే సమయం దానికి ఒక గంట వెనక ఉంటుంది. కానరీ దీవుల్లో వేసవిలో ఒక గంట ముందుంటుంది. ఓడలో పాటించే సమయాన్ని రేవు సమయానికి తగ్గట్టు మార్చారో లేదో ముందు రోజు రాత్రే రిసెప్షన్‌లో అడిగి, చేతి గడియారాన్ని ఓడ సమయానికే ఉంచుకోండి. మొబైల్ తనంతట తానే స్థానిక సమయానికి మారిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకుని ఓడ తప్పిపోయే ప్రమాదం ఉంది.

3. ఒక్క దిక్కునే ఎంచుకోండి

అన్ని అడుగుల్లోనూ ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది ఇక్కడే. నది పైకి వెళ్లడం, తీరం వెంట తిరగడం, నగరంలోనే ఉండిపోవడం అనే మూడు దారులు ఉన్నాయి. వీటిలో రెండింటిని కలపాలని చూస్తే దేనికీ న్యాయం జరగదు.

నది పైకి వెళ్లేవారి గమ్యం కుంటా కింటే ద్వీపం, దానికి ఎదురుగా ఉత్తర ఒడ్డున ఉన్న అల్బ్రెడా, జుఫురే గ్రామాలు. నదీముఖం నుంచి సుమారు 30 కిలోమీటర్లు లోపలికి ఉన్న ఈ ద్వీపం మీద 1651లో కూర్లాండ్ అనే చిన్న యూరప్ రాజ్యం వారు కోట కట్టారు. 1661లో అది ఆంగ్లేయుల చేతికి వచ్చింది. బానిసలుగా అమ్ముడుపోయిన మనుషులను ఓడలెక్కించడానికి ముందు ఉంచిన చోట్లలో ఇది ఒకటి. ఒకప్పుడు జేమ్స్ ద్వీపం అని పిలిచేవారు, 2011లో ఇప్పటి పేరు పెట్టారు. 2003 నుంచి ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. నీటి కోత వల్ల ద్వీపం చాలా కుంచించుకుపోయింది. కూలిన గోడలు, వాటి మధ్య లేచిన బావొబాబ్ చెట్లు, చుట్టూ గోధుమ రంగు నీరు తప్ప అక్కడ మరేమీ లేవు. అయినా ఆ గోడల దగ్గర నిలబడితే కలిగే బరువు మాటల్లో పెట్టలేనిది. పడవలో ఒక వైపు ప్రయాణానికే దాదాపు 2 గంటలు పడుతుంది కాబట్టి, ఈ దారి ఎంచుకుంటే ఆ రోజుకు ఇంకేదీ పెట్టుకోకండి. ఓడ మధ్యాహ్నం 3 గంటలకే బయలుదేరేదైతే ఆశ వదులుకోవడమే మంచిది. బాంజుల్ నుంచి ఉత్తర ఒడ్డున ఉన్న బర్రా ఊరికి నదిని దాటించే ఫెర్రీ ఒకటి ఉంది. దాని రాకపోకల సమయాలను నమ్మి గంటల లెక్క వేసుకోవడం కష్టం. క్రూయిజ్ ప్రయాణికులు దాని జోలికి పోకుండా నేరుగా రేవు నుంచి బయలుదేరే పడవ యాత్రనే ఎంచుకోవాలి.

తీరం వెంట తిరగాలనుకునేవారికి వీలు ఎక్కువ. బాంజుల్ నుంచి సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని బకావులో కచికల్లి అనే పవిత్రమైన మొసళ్ల కొలను ఉంది. బోజాంగ్ వంశం వారు తరతరాలుగా దానిని చూసుకుంటున్నారు. సంతానం కోరుకునే స్త్రీలు ఆ నీటితో స్నానం చేయడం అక్కడి ఆచారం. అది జంతు ప్రదర్శనశాల కాదు, పూజనీయ స్థలం, ఆ గౌరవంతోనే అడుగు పెట్టాలి. అడవి, పక్షులు ఇష్టమైతే 1968లో అభయారణ్యంగా ప్రకటించిన అబుకోకు వెళ్లవచ్చు. సుమారు 105 హెక్టార్ల చిన్న అడవి అది, నీడలో నెమ్మదిగా నడుస్తూ కోతులనూ పక్షులనూ చూడవచ్చు. గాంబియాలో 500కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి కాబట్టి బైనాక్యులర్ ఉంటే తప్పక తీసుకువెళ్లండి. పక్షుల కోసమే వెళ్లేవారు ఎండ ముదరక ముందే అడవి చేరేలా మొదటి గమ్యంగా అబుకోనే పెట్టుకోవాలి.

ఇంకా దక్షిణాన తంజి అనే మత్స్యకారుల ఊరు ఉంది. రంగులు వేసిన పొడవాటి పడవలు తీరానికి కొంత దూరంలో ఆగుతాయి. స్త్రీలూ యువకులూ నడుము లోతు నీళ్లలోకి వెళ్లి, చేపలు నిండిన బేసిన్లను తలకెత్తుకుని ఒడ్డుకు తెస్తారు. ఒడ్డున పొగ గూళ్లలో బొంగా చేపలను వరుసలుగా పరిచి, కట్టెల పొగ మీద గంటల తరబడి ఎండిస్తారు. ఆ పొగ వాసన బట్టలకు పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. అయితే పడవలు ఎక్కువగా ఒడ్డుకు చేరేది సాయంత్రపు వేళ. మన లెక్క ప్రకారం 3.30కే వంతెన దాటాలి కాబట్టి, ఆ సందడి పూర్తిగా చూడాలంటే ఓడ రాత్రి బయలుదేరేదై ఉండాలి. పగటి పూట వెళితే పొగ గూళ్లు, పడవల మరమ్మతులు మాత్రం చూడవచ్చు.

మూడో దారి నగరంలోనే ఉండటం. నడక ఇబ్బంది ఉన్నవారికి, వేడి తట్టుకోలేని వారికి ఇదే సరైనది. ఆల్బర్ట్ మార్కెట్, నేషనల్ మ్యూజియం, నగర ప్రవేశం దగ్గర 1996లో కట్టిన 35 మీటర్ల ఎత్తు గల ఆర్చ్ 22 చూడటానికి సగం రోజు సరిపోతుంది.

4. కాగితాలు, టీకాలు

వీసా అవసరమా, ఓడ సంస్థే ఏర్పాటు చేస్తుందా అన్నది టికెట్ కొన్న వెంటనే రాతపూర్వకంగా అడగాలి. ఎల్లో ఫీవర్ టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ వ్యాధి ఉన్న దేశాల నుంచి వచ్చేవారిని గాంబియాలో సర్టిఫికెట్ అడుగుతారు. డకార్ మీదుగా వచ్చే ఓడకు కూడా ఇది వర్తించవచ్చు, ఎందుకంటే సెనెగల్ కూడా ఆ జాబితాలోనిదే. తర్వాత చేరబోయే దేశంలో కూడా అడగవచ్చు. 2016 నుంచి ఆ సర్టిఫికెట్ జీవితకాలం చెల్లుతుంది. మలేరియా ఏడాదంతా ఉంటుంది, జూన్ నుంచి అక్టోబరు దాకా సాగే వానకాలంలోనూ ఆ వెంటనేనూ ఎక్కువ. మాత్రల గురించి డాక్టరును కొన్ని వారాల ముందే కలవాలి. నవంబరు నుంచి మే వరకు పొడి కాలం కాబట్టి తిరగడానికి అదే అనువైనది.

5. వాహనం, గైడ్

ఓడ సంస్థ ఏర్పాటు చేసిన యాత్రలో వెళితే, ఆలస్యమైనా ఓడ సాధారణంగా ఆ బృందం కోసం ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. నది యాత్రకు ఓడవారి ఏర్పాటే తీసుకోవాలని, బకావు, అబుకో వంటి దగ్గరి చోట్లకు సొంతంగా వెళ్లవచ్చని నా అభిప్రాయం. యాత్రికుల కోసం ఉండే ట్యాక్సీలు ఆకుపచ్చ రంగులో ఉంటాయి. పసుపు రంగు ట్యాక్సీలు స్థానికులు పంచుకుని ఎక్కేవి, వాటి ధర తక్కువ. రోజంతటికీ ఒకే ఆకుపచ్చ ట్యాక్సీ మాట్లాడుకుని, ఎక్కేముందే మొత్తం ధర, ఆగే చోట్లు, తిరిగి రేవు చేరాల్సిన సమయం ఖరారు చేసుకోండి. డబ్బు మొత్తం తిరిగి వచ్చాకే ఇవ్వండి.

రేవు గేటు దగ్గర యువకులు వెంటబడి దారి చూపుతామంటారు. పనిలేక జీవనం వెతుక్కునే పిల్లలే వాళ్లలో ఎక్కువమంది, అందువల్ల విసుక్కోనక్కర లేదు. నవ్వుతూ ఒక్కసారి స్పష్టంగా వద్దని చెప్పి నడవండి. గైడ్ కావాలనుకుంటే బ్యాడ్జి ఉన్న అధికారిక గైడ్‌నే తీసుకోండి.

6. మాట, మర్యాద, డబ్బు

దేశంలో అత్యధికులు ముస్లింలు. బీచ్ బయట భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. మాట మొదలుపెట్టే ముందు పలకరింపు తప్పనిసరి, నేరుగా ధర అడగడం అక్కడ మొరటుతనం. ‘సలామ్ అలేకుమ్’ అంటే ముఖాలు విచ్చుకుంటాయి. మాండింకా భాషలో ‘అబరాక’ అంటే కృతజ్ఞతలు. వస్తువైనా డబ్బైనా కుడి చేత్తోనే ఇవ్వాలి. మనుషుల ఫొటో తీసేముందు అడగాలి. రేవు, సైనికులు, ప్రభుత్వ భవనాల వైపు కెమెరా తిప్పకూడదు. ఎవరైనా అత్తాయ తాగమంటే కూర్చోండి. ఎత్తు నుంచి చిన్న గ్లాసుల్లోకి నురగ కట్టేలా పోసే ఈ గ్రీన్ టీని మూడు విడతలుగా ఇస్తారు, మొదటిది చేదుగా, చివరిది తియ్యగా ఉంటుంది. మూడూ పూర్తయ్యేసరికి గంట దాటుతుంది కాబట్టి, సమయం లేకపోతే ముందే వినయంగా చెప్పండి.

గాంబియా కరెన్సీ దలాసి. దేశం బయట దొరకడం దాదాపు అసాధ్యం, బయటికి తెచ్చినా మార్చుకోలేరు. ఏటీఎంల కోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోకుండా చిన్న నోట్లుగా యూరోలు లేదా డాలర్లు తీసుకువెళ్లి, ఆ రోజుకు సరిపడా మాత్రమే మార్చుకోండి.

7. దిగేముందు, తిరిగి వచ్చేటప్పుడు

పాస్‌పోర్టు నకలు, ఓడ కార్డు, రేవులో ఓడ సంస్థ తరఫున పనిచేసే ఏజెంట్ ఫోన్ నంబరు, సీలు వేసిన నీళ్ల సీసాలు, దోమల మందు ఒక సంచిలో పెట్టుకోండి. ఏజెంట్ నంబరు ఓడలో రోజూ ఇచ్చే కరపత్రంలో ఉంటుంది. దాన్ని ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా రాసుకోండి.

వంతెన దాటి నగరంలోకి వచ్చాక సమయం మిగిలితే, ట్యాక్సీకి డబ్బిచ్చి ఆల్బర్ట్ మార్కెట్ దగ్గర దిగండి. అక్కడి నుంచి రేవుకు నడిచి వెళ్లవచ్చు. శుక్రవారమైతే మధ్యాహ్న ప్రార్థన వేళ కొన్ని దుకాణాలు మూసి ఉండవచ్చు. మిగిలిన దలాసిలతో బాతిక్ అద్దకపు గుడ్డ ఒకటో, ఎర్ర గోగు పూలతో చేసిన ఒంజో పానీయం ఒక గ్లాసో తీసుకుని, చివరి నోటు కూడా అక్కడే ఖర్చు చేసి ఓడ ఎక్కండి.