పాత గేమ్ కొత్త కంప్యూటర్‌లో నడవకపోతే: సమస్య - పరిష్కారం

పాత గేమ్ మొరాయించగానే చాలామంది దొరికిన చిట్కాలన్నీ ఒకేసారి ప్రయోగిస్తారు. అలా చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. ముందు గేమ్ ఎంతవరకు వచ్చి ఆగిందో చూడండి: ఇన్‌స్టాలర్ దగ్గరా, డబుల్ క్లిక్ చేయగానేనా, బొమ్మ కనిపించాకా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కింద చెప్పేవన్నీ విండోస్ 10, 11 వాడేవాళ్ల కోసం.

ఇన్‌స్టాలరే మొదలవ్వదు

"ఈ యాప్ మీ పీసీలో నడవదు" అన్న మెసేజ్ వస్తే అది 16 బిట్ (చాలా పాత తరం) ప్రోగ్రాం అయ్యుండొచ్చు. 64 బిట్ విండోస్ వాటిని నడపదు. విండోస్ 11 అయితే 64 బిట్‌లో తప్ప రాలేదు. 1990ల గేముల్లో కొన్నిటికి గేమ్ 32 బిట్‌దే, ఇన్‌స్టాలర్ మాత్రం 16 బిట్‌ది. అలాంటప్పుడు వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రాంలో) 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ పెట్టి, అందులో గేమ్ ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫోల్డర్‌ని బయటికి కాపీ చేసుకోండి. చాలాసార్లు అంతే సరిపోతుంది.

డాస్ (విండోస్‌కి ముందు వాడిన సిస్టం) గేమ్ అయితే, డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాం వాడండి. మరీ వేగంగా పరిగెడితే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కితే నెమ్మదిస్తుంది, కంట్రోల్, ఎఫ్12 నొక్కితే వేగం పెరుగుతుంది.

డిస్క్ లోపలే ఉన్నా "డిస్క్ పెట్టండి" అంటుంది

సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఒక డ్రైవర్ మీద ఆధారపడేది. భద్రతా కారణాలతో 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి దాన్ని తీసేశారు. ఆ పాత డ్రైవర్‌ని మళ్లీ ఎక్కించే ప్రయత్నం దయచేసి చేయకండి, కంప్యూటర్‌కే ముప్పు. గేమ్ చివరి ప్యాచ్‌లో (తప్పులు సరిదిద్దే అప్‌డేట్‌లో) డిస్క్ తనిఖీ తీసేశారేమో చూడండి. లేదంటే డిస్క్ అవసరం లేకుండా మళ్లీ విడుదలైన కాపీ కొనుక్కోవడమే మేలు.

రంగులు చెదిరిపోతాయి, లేదా స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది

నాకు ఎక్కువగా ఎదురైంది ఇదే. పచ్చగా ఉండాల్సిన గడ్డి గులాబీ రంగులో, నీళ్లు మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. అప్పట్లో చాలా గేములకు 256 రంగులే. ప్రతి చుక్కకీ ఒక అంకె, ఏ అంకెకి ఏ రంగో చెప్పే పట్టిక వేరుగా. ఇప్పటి విండోస్‌లో ఆ పట్టిక గేమ్ చేతిలోంచి జారిపోతే అంకెలు అలాగే ఉంటాయి, రంగులు మాత్రం తారుమారవుతాయి.

ముందు గేమ్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, 8 బిట్ కలర్ మోడ్ పెట్టి చూడండి. కుదరకపోతే డీజీవూడూ 2 అనే ప్రోగ్రాం తెచ్చుకోండి. అది పాత డైరెక్ట్‌ఎక్స్ (గేములు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే మైక్రోసాఫ్ట్ పద్ధతి) మాటల్ని ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుకి అర్థమయ్యేలా మారుస్తుంది. అందులో ఎంఎస్ ఫోల్డర్‌లో ఎక్స్86 అని ఉంటుంది. పాత గేములు 32 బిట్‌వి కాబట్టి ఎక్స్64 జోలికి పోవద్దు. ఎక్స్86లోని డీఎల్‌ఎల్ ఫైళ్లని (ప్రోగ్రాంలు వాడుకునే సహాయక ఫైళ్లని) గేమ్ ఈఎక్స్‌ఈ (గేమ్‌ని తెరిచే ఫైల్) పక్కనే పెట్టండి, విండోస్ ఫోల్డర్‌లో మాత్రం వేయకండి. గేమ్ తెరిచాక మూలన డీజీవూడూ గుర్తు కనిపించిందంటే పని మొదలైనట్టే. ఆ గుర్తు చూసినప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది! తర్వాత దాని కంట్రోల్ ప్యానెల్‌లో గుర్తుని తీసేయొచ్చు. నచ్చకపోతే ఆ ఫైళ్లు డిలీట్ చేయండి, గేమ్ ఎప్పటిలా ఉంటుంది.

బొమ్మ బాగుంది, ఆట మాత్రం పిచ్చి వేగం

ఆటలో కదలికల్ని సెకనుకి ఎన్ని ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) అన్న దానికి ముడిపెట్టి రాశారన్నమాట. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్‌లో ఫ్రేముల్ని 60కి, అప్పటికీ తగ్గకపోతే 30కి కట్టడి చేయండి. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో ఫ్రేమ్ లిమిటర్ అనే ఆప్షన్ ఉంది, దాన్ని ఆపకండి.

డీఎల్‌ఎల్ లేదంటుంది

డీ3డీఎక్స్9తో మొదలయ్యే పేరు కనిపిస్తే, మైక్రోసాఫ్ట్ ఇచ్చే 2010 జూన్ డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ ఇన్‌స్టాల్ చేయండి. డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా ఆ పాత ఫైళ్లు వాటంతట అవి రావు. ఒక్కో డీఎల్‌ఎల్‌ని ఏదో ఒక సైట్ నుంచి దించుకోవడం ప్రమాదం. డైరెక్ట్‌ప్లే (పాత గేములు నెట్‌వర్క్ ఆటకి వాడిన భాగం) అడిగితే విండోస్ ఫీచర్స్‌లోని లెగసీ కాంపొనెంట్స్‌లో దానికి టిక్ పెట్టండి.

సేవ్ చేసిన ఆట కనిపించదు

పాత గేములు సేవ్‌ల్ని తమ ఫోల్డర్‌లోనే రాసేవి. విస్టా నుంచి ప్రోగ్రాం ఫైల్స్‌లో అలా రాయనివ్వరు. అందుకే గేమ్‌ని సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో ఇన్‌స్టాల్ చేయండి. ఇప్పటికే పోయాయని టెన్షన్ పడుతుంటే, మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో వర్చువల్‌స్టోర్ తెరవండి. విండోస్ చాలాసార్లు వాటిని అక్కడ దాచి ఉంచుతుంది.